నెలలు నిండినా మిరప చేలోనే

మాఘమాసం వచ్చిందంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో మిరప చేలు ఎర్రబడతాయి. కోతలకు ఊళ్ళో కూలీలు చాలరు. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి పిల్లాపాపలతో, వంటసామాన్లతో కుటుంబాలకు కుటుంబాలే వచ్చి దిగుతాయి. చేల పక్కనే గుడారాలు, చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలు.

సంఘం పని మీద ఆ గుడారాలకు వెళ్ళినప్పుడల్లా మేము ఒకటే చూస్తున్నాం. ఏడో నెల, ఎనిమిదో నెల కడుపుతో ఉన్నవాళ్ళు కూడా ఆ ఘాటులో, ఆ ఎండలో పొద్దస్తమానం వంగి కాయ కోస్తున్నారు. "ఇంటిపట్టున ఉండొచ్చు గదమ్మా" అంటే, "కూచుంటే కూలి ఎవరిస్తారన్నా?" అని ఎదురడుగుతారు.

దీనికి చట్టంలో జవాబుంది. 2013 ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం గర్భిణులకు, బాలింతలకు 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం ఇవ్వాలి. గర్భం మొదలు కాన్పయ్యాక ఆరు నెలల దాకా అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా భోజనం పెట్టాలి. ఇది ఎవరో వేసే భిక్ష కాదు, హక్కు.

అమలులో ఏం జరిగింది? నాలుగేళ్ళు కాలయాపన చేసి 2017లో కేంద్రం మాతృ వందన పథకం తెచ్చింది. 6,000 కాస్తా 5,000 అయింది. తక్కువ పడింది ఆస్పత్రి కాన్పుకిచ్చే జననీ సురక్ష సొమ్ముతో సరిపోతుందన్నారు. అదీ మొదటి బిడ్డకే. 2022 నుంచి రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఇస్తున్నారు. మగపిల్లాడు పుడితే ఏమీ లేదు. ఆ తల్లి మోసింది తొమ్మిది నెలలు కాదా?

అదే 2017లో ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో పనిచేసే స్త్రీలకు జీతంతో కూడిన ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. మంచి పనే. మరి మన ఆడకూలీల సంగతేమిటి? 26 వారాలంటే 182 రోజులు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన 182 రోజులకు 55,874 రూపాయలవుతుంది. మనకిచ్చే 5,000 పదహారు రోజుల కూలి మాత్రమే. పదహారు రోజుల కూలితో ఏ తల్లి ఆరు నెలలు ఇంట్లో కూచోగలదు?

రైతే ఇవ్వాలని కొందరంటారు. ఇవాళ ఒక చేలో, రేపు మరో చేలో పనిచేసే కూలికి యజమాని ఎవరు? ఆ రైతుల్లో చాలామంది అప్పుల్లో మునిగిన కౌలుదార్లే. కాబట్టి ఈ ఖర్చు ప్రభుత్వ ఖజానాయే భరించాలి.

ఖజానా ఏం చేస్తోంది? 2015-16 బడ్జెట్లో కేంద్రం అంగన్‌వాడీ పథకం కేటాయింపును 18 వేల కోట్ల పైనుంచి 8 వేల కోట్ల స్థాయికి దించింది. గోల పుట్టాక కొంత పెంచి, భారంలో ఎక్కువ పాలు రాష్ట్రాల నెత్తిన పెట్టింది. గర్భిణి పోషకాహారానికి 2017లో కట్టిన ధర రోజుకు తొమ్మిదిన్నర రూపాయలు. ఆ ఆహారం అందించే అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు కనీస వేతనం, గ్రాట్యుటీ కోసం 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేస్తే, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది.

డబ్బు లేదనే మాట మేము ఒప్పుకోం. పక్కనున్న తమిళనాడు 1987లోనే ముత్తులక్ష్మి రెడ్డి పేరిట ప్రసూతి సాయం మొదలుపెట్టి, 2018 నాటికి దాన్ని 18,000 రూపాయలకు పెంచింది, అదీ రెండు కాన్పులకు. అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదరదు?

కార్యకర్తలు ఈ సీజన్లోనే కదలాలి. గుడారాలకు వెళ్ళి గర్భిణుల, బాలింతల పేర్లు రాసుకోండి. వాళ్ళను దగ్గర్లోని అంగన్‌వాడీకి తీసుకెళ్ళి నమోదు చేయించండి. వలస వచ్చినా వాళ్ళ హక్కు పోదు. మొదటి విడత 3,000 కావాలంటే గర్భం నమోదై, ఆస్పత్రిలో ఒక్క పరీక్షయినా జరిగి ఉండాలి. మిగతా 2,000 బిడ్డ పుట్టుక నమోదై, తొలి విడత టీకాలు పడ్డాకే వస్తుంది. ఆ కాగితాలు పోకుండా చూడండి. సొమ్ము అందని వాళ్ళ జాబితాతో కలెక్టరు కచేరీకి కదలండి.

కాన్పుల లెక్క చూడకుండా ప్రతి తల్లికీ సాయం అందాలి. ఆ సాయం 26 వారాల కూలికి తగ్గకూడదు. "కూచుంటే కూలి ఎవరిస్తారన్నా" అన్న ఆ తల్లి ప్రశ్నే మన డిమాండు కావాలి.