మీకు తెలుసా? గాలి చెప్పినట్టు నడిచే ఊరు

బ్రెజిల్‌కు బోలెడంత సముద్రతీరం ఉంది. కానీ అందులో ఎక్కువ భాగం తూర్పు ముఖమే. అందుకే అక్కడి బీచ్‌లలో సూర్యోదయం ఎక్కడైనా దొరుకుతుంది. పొద్దు సముద్రంలోకి దిగడం చూడాలంటే మాత్రం చోటు వెతుక్కోవాలి. సెయరా రాష్ట్రంలో, ఫోర్టలేజా నగరానికి పడమరగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న జెరికోవాక్వారా అలాంటి చోటు. అందరూ జెరీ అనే పిలుస్తారు. భూమధ్యరేఖకు 3 డిగ్రీల లోపే ఉండటంతో ఏడాదంతా సాయంత్రం ఆరుకు కాస్త అటూఇటూగానే పొద్దు గుంకుతుంది. వేళ చూసుకునే పని లేదు.

ఆ వేళకు ఊరు ఊరంతా పడమటి కొసనున్న ఇసుక తిన్నె మీదికి చేరుతుంది. దాని పేరే సూర్యాస్తమయ తిన్నె. ఇది ఒకప్పుడు చాలా ఎత్తుగా ఉండేది. తూర్పు నుంచి వీచే గాలి ఆ ఇసుకను సముద్రంలోకి తోసేస్తుండటంతో ఏటికేడాది తరుగుతూ ఇప్పుడు కొద్దిగానే మిగిలింది. చూద్దాంలే అని వాయిదా వేసే సరుకు కాదు.

ఇక్కడి గాలి ఊళ్లకు ఊళ్లనే కప్పెట్టేస్తుందని తెలుసా? జెరీకి పడమరగా ఉన్న టాటజూబా అనే జాలర్ల పల్లెను, నడిచొచ్చిన ఇసుక తిన్నె మెల్లగా పూడ్చేసింది. జనం మూటాముల్లె సర్దుకుని కొంత దూరంలో కొత్త టాటజూబా కట్టుకున్నారు. తిన్నెల మీద తిరిగే బగ్గీ బండ్లవాళ్లు పాత ఊరి జాడలు చూపించడానికి యాత్రికులను అక్కడికి తీసుకెళ్తారు.

తూర్పు వైపు ప్రేయా బీచ్ దారిలో ‘సోమరి చెట్టు’ ఉంది. ఎడతెగని గాలికి మాను నేల మీదికి ఒరిగిపోయి, కొమ్మలన్నీ ఒకే దిక్కుకు పడుకున్నాయి. పాపం, పగలూ రాత్రీ గాలితో పెనుగులాడుతున్న చెట్టుకు ఆ పేరు పెట్టడం అన్యాయమే! అదే గాలి కైట్ సర్ఫింగ్ చేసేవాళ్లకు పండగ. జులై నుంచి డిసెంబర్ దాకా ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ప్రేయాలో వాలిపోతారు.

సముద్రం తొలిచిన రాతి తోరణం పెడ్రా ఫురాడా. జూన్ చివర, జులైలో పొద్దు బాగా ఉత్తరానికి జరిగినప్పుడు సరిగ్గా ఆ రాతి కన్నంలోంచే అస్తమిస్తుంది. మిగతా నెలల్లో వెళ్తే రాయి ఉంటుంది, ఆ దృశ్యం ఉండదు. తీరం వెంట నడిచి వెళ్లాలనుకుంటే పాటు సమయం కనుక్కుని బయల్దేరాలి. పోటులో ఆ దారి మునిగిపోతుంది, గుట్టెక్కి వెళ్లాల్సిందే.

ఫిబ్రవరి నుంచి మే దాకా కురిసే వానలకు ఇసుక తిన్నెల నడుమ మంచినీటి మడుగులు నిండుతాయి. వాటిలో పేరున్నది ‘స్వర్గ సరస్సు’, లాగోవా డో పరయీజో. మోకాలి లోతు నీళ్లలో గుంజలు పాతి ఊయలలు కడతారు. పడుకుంటే వీపు నీళ్లలో, మొహం ఎండలో. టోపీ మరిచిపోతే సాయంత్రానికి తెలుస్తుంది. నీళ్లూ గాలీ రెండూ కావాలనుకునేవాళ్లకు జులై, ఆగస్టు నెలలు అనువు.

ఊళ్లో తారు రోడ్డు లేదు, వీధి దీపం లేదు. కరెంటు వచ్చిందే 1998లో. అప్పుడు కూడా తీగలను భూమిలోంచే వేశారు. చుట్టూ ఉన్న ప్రాంతాన్ని 2002లో జాతీయ ఉద్యానవనం చేశారు. బయటి కార్లను ఊరి బయటే ఆపేస్తారు. జిజోకా పట్నం నుంచి ఇసుకలో పడుతూ లేస్తూ వచ్చే ‘జార్దినేరా’ అనే ఓపెన్ ట్రక్కులో, అలాంటి ఇసుక బండ్లో దిక్కు. చక్రాల సూట్‌కేసు తెచ్చుకున్నవాళ్లు దాన్ని నెత్తికెత్తుకోవాల్సిందే.

తినడానికైతే టపియోకా. కాస్త తడిగా ఉన్న కర్రపెండలం పిండిని జల్లెడ పట్టి, నూనె చుక్క లేని వేడి పెనం మీద పొడిపొడిగానే చల్లుతారు. నీళ్లు కలపరు, గరిటెతో రుద్దరు. వేడికి పిండి రేణువులు వాటంతటవే అతుక్కుని నిమిషంలో తెల్లటి అట్టు అవుతుంది. కొబ్బరి కోరో, చీజో పెట్టి మడిచి ఇస్తారు. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేసేది ఈ దుంపతోనే. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మన పలాస జీడిమామిడి కూడా ఈ బ్రెజిల్ గడ్డదే, 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు మన దేశానికి తెచ్చారు. కాకపోతే మనం పప్పు తీసుకుని పండు పారేస్తాం. సెయరాలో ఆ పండు రసం ప్రతి హోటల్లో దొరుకుతుంది. తమాషా ఏమిటంటే, ఆ తీరాల్లో ఫొటోలకు పోజిచ్చే కొబ్బరి చెట్లు అక్కడివి కావు. హిందూ మహాసముద్రపు కొబ్బరిని అటు తీసుకెళ్లిందీ పోర్చుగీసువాళ్లే!

ఈ తీరపు జాలర్లు నడిపే తెరచాప తెప్పను జంగాడా అంటారు. దానికో ఘనమైన చరిత్ర ఉంది. ఫోర్టలేజాలో అప్పట్లో ఓడలు ఒడ్డుదాకా రాలేక దూరంగా లంగరు వేసేవి, మనుషులైనా సరుకులైనా జంగాడాల మీదే చేరాలి. 1881లో ఫ్రాన్సిస్కో జోసె డో నాసిమెంటో, తోటి తెప్పలవాళ్లతో కలిసి, అమ్మకానికి తెచ్చిన బానిసలను ఓడలకు చేర్చేది లేదని ఎదురు తిరిగాడు. సెయరాలో బానిసత్వం 1884లోనే రద్దయింది, బ్రెజిల్ మొత్తానికి ఆ చట్టం రావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఆయనకు ‘సముద్రపు డ్రాగన్’ అని బిరుదు. ఆ పేరుతోనే ఫోర్టలేజాలో పెద్ద కళాకేంద్రం నడుస్తోంది. జెరీ బస్సెక్కే ముందు ఓ పూట అక్కడ గడిపి వెళ్లొచ్చు.