తలనొప్పి, కళ్ళు తిరగడం: అన్నీ పైత్యమే కాదు

మన మిల్లోళ్ళ ఇళ్ళల్లో తలనొప్పికి విలువ లేదు. మగ్గాల మోత అంటాం, నైట్ షిఫ్టు అంటాం, కళ్ళు తిరిగితే పైత్యం అంటాం. సొంఠి పట్టు వేసుకుని, ఒక మాత్ర మింగి పనికి పోతాం. చాలామందికి అంతటితో పోతుంది. పోని వాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

మెదడులో నీటి తిత్తులు వచ్చే జబ్బొకటి ఉంది. కొన్ని పుట్టుకతో వస్తాయి, కొన్ని బద్దెపురుగు వల్ల వస్తాయి. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే పురుగు కడుపులో పెరుగుతుంది. మెదడులో తిత్తి కట్టేది మాత్రం దాని గుడ్ల వల్ల. ఆ గుడ్లు మనిషి మలంలో ఉంటాయి. కడగని చేతులతో, ఆకుకూరలతో, నీళ్ళతో నోట్లోకి పోతాయి. అందుకే శాకాహారులకీ వస్తుంది. ఎవర్నీ వేలెత్తి చూపించే పని లేదు.

ఎక్కువమందికి ఫిట్స్ వస్తాయి. అది దయ్యం కాదమ్మా, తాయెత్తుతో పోదు. అరుదుగా కొందరికి మెదడు వెనకవైపు నీరు పారే దారిలో తిత్తి చేరుతుంది. తల గబుక్కున తిప్పితే అది మూతలా అడ్డం పడుతుంది. భరించలేని తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి. కాసేపటికి మామూలే. అందుకే నాటకం అనుకుంటారు.

సీటీ స్కానులో ఈ తిత్తి ఒక్కోసారి కనపడదు, లోపలి నీరూ మెదడు నీరూ ఒకేలా ఉంటాయి కాబట్టి. ఎమ్మారైలో బాగా తెలుస్తుంది. పెద్ద డాక్టర్లకే ఇది చిక్కు. ఒకప్పుడు ఫిట్స్ రోగుల స్కానులో చిన్న మచ్చ కనిపిస్తే టీబీ అనుకుని నెలల తరబడి మందులిచ్చేవాళ్ళు. 1980ల చివర్లో వేలూరు సీఎంసీ డాక్టర్లు ఆ మచ్చల్ని తీసి పరీక్ష చేస్తే, చాలావాటిలో ఉన్నది ఈ పురుగే.

తలనొప్పి రోజురోజుకీ పెరిగినా, పొద్దున్నే వాంతితో వచ్చినా, చూపు మసకబారినా, నడక తూలినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చెయ్యొద్దు. కోడంబాక్కంలో రైలెక్కి పార్క్ స్టేషన్లో దిగితే ఎదురుగానే జీహెచ్. 1950లో డాక్టర్ బి. రామమూర్తి మెదడు ఆపరేషన్ల విభాగం మొదలుపెట్టింది అక్కడే. ఎప్పటినుంచి ఉంది, తల ఎటు తిప్పితే వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఇవి కాగితం మీద రాసుకుని పొండి.

పురుగుల మాత్ర సొంతంగా కొని మింగొద్దు. మెదడులో పురుగు చచ్చేటప్పుడు వాపొస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూసి, వాపు తగ్గే మందుతో కలిపి ఇస్తారు. కొన్నిటికి ఆపరేషనే దారి.

దొడ్డికి పోయొచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడగండి. ఆకుకూర బాగా కడిగి వండండి. మాంసం బాగా ఉడకనివ్వండి. పిల్లలకీ ఇదే అలవాటు చెయ్యండి.