వేంగీ శిథిలములు: పురమే రాతిగని యైన తీరు

రాతిగని యనగానే మనకు కొండ స్ఫురించును. కాని కొల్లేటి సీమలో కొండ లేదు. కృష్ణా గోదావరులు తెచ్చి పోసిన ఒండ్రుమట్టియే ఇచ్చటి నేల. రాయి కావలసినచో ఉత్తరమున నున్న మెట్టప్రాంతములకు పోవలయును. ఇట్టి దేశమున పాడుపడిన పురమే తరువాతివారికి గని యగును. వేంగీపుర చరిత్రను పరిశోధించువారు ఈ విషయమును ముందుగా గమనింపవలసి యున్నది.

ఏలూరునకు ఉత్తరమున సుమారు 12 కిలోమీటర్ల దూరమున గల పెదవేగియే ప్రాచీన వేంగి. శాలంకాయనులు ఇచ్చటి నుండి రాజ్యమేలిరి. పిదప తూర్పు చాళుక్యుల రాజ్యమునకు ఈ పురము పేరే స్థిరపడినది. ఏలూరు కోటను మహమ్మదీయ పాలకులు ఈ శిథిలముల నుండి తెచ్చిన సామగ్రితో కట్టించిరని ఆంగ్లప్రభుత్వ కాలపు గెజిటీరులు తెలుపుచున్నవి.

ఇట్టి త్రవ్వకమునకు నేలలో గుర్తులు మిగులును. గోడలోని రాళ్లను, ఇటుకలను పునాదివరకు పెకలించినపుడు ఆ గోడ పొడవునను ఒక కందకము ఏర్పడును. పనికిరాని ఇటుక ముక్కలును, సున్నమును, వదులు మన్నును అందు పడి నిండును. పురావస్తు శాస్త్రజ్ఞుడు నేలను నిలువుగా కోసి చూచినపుడు ఆ పూడిక రంగు చుట్టునున్న గట్టినేల రంగుకంటె వేరుగా కనబడును. గోడ లేకున్నను గోడ యుండిన చోటు తెలియును. ఆ పూడికలో దొరకిన పెంకులలోను, నాణెములలోను అన్నిటికంటె ఇటీవలిదానిని బట్టి ఆ కందకము పూడిన కాలమును ఊహింపవచ్చును.

ఇది కేవలము మతవైరముచే జరిగినదని తలచుట తొందరపాటు. 18వ శతాబ్ది చివర అమరావతిలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు క్రొత్త పట్టణమును కట్టించుచుండగా, రాయికొరకును ఇటుకకొరకును త్రవ్వినది ప్రాచీన బౌద్ధస్తూపమునే. కర్నల్ మెకంజీ 1816లో మరల వచ్చునప్పటికి ఆ దిబ్బ నడిమిభాగము గుంటగా మారియుండెను. ఇంగ్లండులో సెయింట్ ఆల్బన్స్ క్రైస్తవాలయమును 11వ శతాబ్దిలో కట్టినవారును సమీపమున నున్న రోమనుల పురపు ఇటుకలనే వాడిరి. కట్టువానికి కావలసినది చేరువలో దొరకు సామగ్రి.

భాషాపరిశోధకునకు ఇందు ముఖ్యమైన పాఠము కలదు. శాసనశిలయు రాయియే కనుక అదియు తరలిపోవును. ఒక గోడలో కనబడిన శాసనమును ఆ యూరికే చెందినదని నిశ్చయించినచో, అందలి దేవాలయమును, అగ్రహారమును, సరిహద్దులను, తుదకు మాండలిక రూపములను సైతము తప్పుచోట నిలిపినవార మగుదుము. కావున పంక్తులు నడుమ తెగియున్నవా, రాయి తలక్రిందుగా నున్నదా, అక్షరములపై సున్నము పడియున్నదా, పూర్వపు అతుకునకై తొలిచిన రంధ్రములున్నవా యని ముందు పరీక్షింపవలెను. శాసనము దొరకిన చోటును, శాసనమే చెప్పుచున్న చోటును వేరువేరుగా వ్రాసికొనవలెను. ఈ రెండును కలియనిచో, ఆ భేదమే రాయి చేసిన ప్రయాణమునకు మొదటి ఆధారము.