నాటు పెట్టది అమ్మ పని, గ్రామప్రియది గుడ్ల పని: పెరట్లో కలగలుపు కోళ్ల మంద

పెరటి కోళ్ల గురించి మాట్లాడిన ప్రతిసారీ మీరు అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, నాటుకోళ్లు పెంచాలా, వనరాజాలు పెంచాలా? ఏది లాభం?" ఇవాళ దానికి జవాబు చెప్తాను. నా జవాబు: రెండూ కలిపి పెంచండి. కాకపోతే ఏ కోడికి ఏ పని అనేది ముందే తెలుసుకుని పెంచండి. అది తెలియకుండా కలిపితే ఏడాది తిరిగేసరికి అటు నాటు మందా మిగలదు, ఇటు గుడ్లూ మిగలవు.

మాది ఖమ్మం జిల్లాలో ఒక చిన్న ఊరు. మా పెరట్లో ఇప్పుడు 18 కోళ్లున్నాయి. ఆరు నాటు పెట్టలు, పది గ్రామప్రియ పెట్టలు, రెండు పుంజులు. ఇది ఫామ్ కాదు, షెడ్డు లేదు. ఒక గూడు, నాలుగు గంపలు, ఒక జామచెట్టు. అంతే. మీలో చాలామందికి ఇంటి వెనక ఇంతే జాగా ఉంటుంది కాబట్టి దీని లెక్కలోనే మాట్లాడుకుందాం.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లే ఎందుకు పెడుతుంది? దానికి చేతకాక కాదు. దాని టైమ్‌టేబుల్ అలాంటిది. పన్నెండు నుంచి పదిహేను గుడ్లు పెడుతుంది. పెట్టి పొదుగుకొస్తుంది. 21 రోజులు గుడ్ల మీద కూర్చుంటుంది. పిల్లలొచ్చాక రెండు నెలలకు పైగా వాటిని వెంటేసుకుని తిరుగుతుంది. ఇంతసేపూ గుడ్డు పెట్టదు. ఇలా ఒక చుట్టు తిరిగేసరికి మూడు నెలలు దాటుతుంది. ఏడాదికి మూడు నాలుగు చుట్లు. ఇప్పుడు మీరే లెక్కేయండి, యాభై అరవై ఎక్కడిదో అర్థమైపోతుంది. అంటే నాటు పెట్ట సగం టైమ్ గుడ్ల కోడి కాదు, తల్లి కోడి.

మరి వనరాజా, గ్రామప్రియ ఏంటి? ఈ రెండూ మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థలో తయారైన రకాలు. పెరట్లో తిరిగి బతికేలా, రంగురంగుల ఈకలతో నాటుకోడిలా కనిపించేలా తయారుచేశారు. వనరాజా అటు మాంసానికి, ఇటు గుడ్లకి పనికొస్తుంది. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకి. పెరట్లోనే నాటు పెట్ట కంటే రెండింతల పైన గుడ్లు పెడుతుంది. ఎలా పెడుతుంది? దానికి ఆ పొదుగు గుణం దాదాపు తీసేశారు కాబట్టి. గుడ్డు పెట్టి లేచి వెళ్లిపోతుంది, వెనక్కి తిరిగి చూడదు.

ఇక్కడే అసలు కిటుకుంది. గుడ్లు ఎక్కువ పెట్టే కోడి పొదగదు. పొదిగే కోడి గుడ్లు ఎక్కువ పెట్టదు. ఒకే కోడిలో రెండూ కావాలంటే కుదరదు. ఒకే పెరట్లో రెండూ కావాలంటే కుదురుతుంది. కలగలుపు మంద అంటే అదన్నమాట.

ఇప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, ఒకసారి ఇరవై వనరాజా పిల్లలు తెచ్చి, "ఇక వీటి గుడ్లే పొదిగించుకుంటాం, మళ్లీ కొనే పని లేదు" అనుకుంటారు. హైబ్రిడ్ మొక్కజొన్న వేసిన రైతుని అడగండి, ఆ చేలో వచ్చిన గింజలే దాచి మళ్లీ విత్తితే ఏమవుతుందో చెప్తాడు. ఒక మొక్క ఎత్తు, ఒకటి పొట్టి, ఒక కంకి నిండుగా, ఒకటి బోసిగా వస్తుంది. ఇదీ అంతే. మనకి అమ్మే వనరాజా, గ్రామప్రియ పిల్లలు వేర్వేరు లైన్లని కలిపి తీసిన ఆఖరి క్రాస్. వాటికి వాటికే కలిపి తీసిన పిల్లలు తల్లిలా ఉండవు. కొన్ని బాగుంటాయి, కొన్ని గుడ్లు తగ్గుతాయి, కొన్ని ఎదగవు. కోసుకు తినడానికి పర్లేదు. వాటినే మళ్లీ విత్తనంగా పెట్టుకోకండి.

ఇంకో నష్టం ఉంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు. పెరట్లో క్రాస్ పుంజులు ఎక్కువైతే నాటు పెట్టలన్నీ వాటితోనే కలుస్తాయి. రెండు మూడు తరాలకి పొదిగే గుణం పలచబడిపోతుంది. అప్పుడు వీధిలో ఏ ఇంట్లోనూ నమ్మకంగా గుడ్ల మీద కూర్చునే పెట్ట ఉండదు. నాటు పెట్ట పోతే డబ్బులిచ్చి హేచరీ నుంచి తెచ్చుకోవడం కష్టం, ఎందుకంటే చాలా హేచరీలు అలాంటి కోడిని పెంచవు. అందుకే నేను పుంజుల్ని రెండింటినీ నాటువే ఉంచాను. పది పెట్టలకి ఒక మంచి పుంజు సరిపోతుంది. క్రాస్ పుంజులు పెరగగానే అమ్మేస్తాను, లేదా ఆదివారం వండేస్తాం.

సరే, పని ఎలా పంచాలో చూద్దాం.

గ్రామప్రియ గుడ్లు: ఇవి అమ్మకానికి, ఇంట్లో పిల్లలకి. ఐదున్నర, ఆరు నెలలకి గుడ్లు మొదలవుతాయి. పొద్దున బయటికి వదిలి, సాయంత్రం గూట్లోకి వచ్చేటప్పుడు గుప్పెడు నూకలో, జొన్నలో, కొంచెం తవుడో వేస్తే చాలు. వనరాజా ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. ముద్దుగా ఉందని బ్రాయిలర్ దాణా తెగ మేపితే ఒళ్లొచ్చేస్తుంది. కాళ్లు బలహీనపడతాయి, గుడ్లు తగ్గుతాయి. పెట్ట ఆరు నెలలప్పుడు రెండు, రెండున్నర కిలోల మధ్య ఉంటే చాలు. గుడ్డు పెంకు పలచగా వస్తోందా? నత్త గుల్లలు దంచి ఒక చిప్పలో పెట్టండి. కావాల్సినంత అదే తింటుంది.

నాటు పెట్ట: ఇది పొదగడానికి. మంచి పొదుగు పెట్ట కింద పది, పన్నెండు గుడ్లు పెట్టండి. అంతకంటే ఎక్కువైతే అంచున ఉన్నవాటికి వేడి అందదు. గుడ్లు వారం లోపువి అయ్యుండాలి, ఎండాకాలంలో ఇంకా తాజావి కావాలి. పొదుగుకి పెట్టే గుడ్లు కడగకండి.

ఇప్పుడు ఫోన్ పని. ఏడో రోజు రాత్రి లైట్లన్నీ ఆపి, ఫోన్ టార్చ్ వేసి, దాని మీద గుడ్డు లావు కొన పెట్టి చూడండి. లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల పెరుగుతున్నట్టు. ఏమీ లేకుండా తేటగా వెలిగితే అది పిల్ల లేని గుడ్డు, తీసేయండి. అన్నీ తేటగానే ఉంటే పెట్ట తప్పు కాదు, పుంజుని చూసుకోవాలి.

ఇక నాకు బాగా నచ్చిన పద్ధతి. హేచరీ నుంచి గ్రామప్రియ పిల్లలు తెచ్చుకోవాలనుకుంటే, మీ నాటు పెట్ట పిల్లలు బయటికొచ్చే రోజుకి సరిపోయేలా తెప్పించుకోండి. రెండింటి వయసూ ఒకటో రెండో రోజులే ఉండాలి. చీకటి పడ్డాక, పెట్ట నిమ్మళంగా ఉన్నప్పుడు, ఒక్కో పిల్లని మెల్లగా దాని రెక్కల కిందికి జార్చండి. తెల్లారేసరికి చాలా పెట్టలు అన్నీ తన పిల్లలే అనుకుంటాయి. పొద్దున కాసేపు దగ్గరుండి చూడండి, ముక్కుతో పొడిచే పెట్ట అయితే పిల్లల్ని వెంటనే తీసేయాలి. ఒప్పుకుంటే మాత్రం వెచ్చదనం, మేత ఏరడం, గద్ద కనిపించగానే దాక్కోవడం, అన్నీ అదే నేర్పుతుంది. మనం నేర్పలేనిది అదే.

తల్లి లేకపోతే బల్బు పెట్టాలి. మొదటి వారం పిల్లల దగ్గర వేడి 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, తర్వాత వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. పిల్లకి రెండు వాట్ల లెక్కన పాతకాలం పసుపు బల్బు పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగే తప్ప వేడి రాదు. పిల్లలన్నీ బల్బు కింద కుప్పగా పడితే చలేస్తున్నట్టు, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే ఉడికిపోతున్నట్టు. తల్లి లేని పిల్లల్ని ఆరు వారాల దాకా బయటికి వదలకండి. ముంగిస, పిల్లి, కాకి, గద్ద, అన్నీ కాచుక్కూర్చుంటాయి.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోవచ్చు. దాని పేరు కొక్కెర తెగులు, డాక్టర్లు రాణిఖేత్ అంటారు. కోడి మూల కూర్చుని తూగుతుంది, ఆకుపచ్చగా, తెల్లగా పారుతుంది, నోరు తెరిచి ఊపిరి లాగుతుంది. కొన్నింటికి మెడ మెలితిరుగుతుంది. వచ్చాక మందు లేదు. మా వీధిలో ఒకామె, భర్త లేడు, ఇద్దరు పిల్లలు. గుడ్లమ్మిన డబ్బు పోపు డబ్బాలో దాచి ఆ పిల్లల నోటు పుస్తకాలకీ, బస్సు పాసులకీ వాడేది. ఒక మాఘమాసంలో ఐదు రోజుల్లో ఆమె కోళ్లు పద్నాలుగు పోయాయి. మనకి పద్నాలుగు కోళ్లంటే కూరలా కనిపిస్తాయి. ఆమెకి అవి నెల జీతం.

నాటుకోళ్లకి రోగాలు రావు అనే మాట నమ్మకండి. ఎండకీ వానకీ అవి గట్టివే, రాణిఖేత్ దగ్గర మాత్రం నాటు, క్రాస్ తేడా లేదు. టీకా ఒక్కటే దారి. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి. నాలుగో వారంలో మళ్లీ ఒకసారి. ఆరేడు వారాలకి మశూచి టీకా. ఎనిమిది వారాలు దాటాక రాణిఖేత్‌కే ఆర్‌టూబీ అనే ఇంజెక్షన్, తర్వాత ఆరు నెలలకోసారి. దానికి వారం ముందు నట్టల మందు తాగించండి. తారీఖులన్నీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఇంజెక్షన్ పశువుల ఆసుపత్రి సిబ్బందితోనే వేయించుకోండి.

ఇక్కడో చిక్కుంది. ఈ టీకా సీసాలో వంద డోసులో, అంతకంటే ఎక్కువో ఉంటాయి. ఒకసారి కలిపితే గంటా రెండు గంటల్లో వాడేయాలి, దాచుకోవడానికి ఉండదు. పన్నెండు కోళ్లున్నవాళ్లు దానికోసం సీసా కొనాలంటే వెనకాడతారు. దీనికి మా వీధిలో మేం చేసింది చెప్తాను. ఎనిమిది ఇళ్లు కలిసి ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం. ఒక తారీఖు అనుకుంటాం. ముందు రోజు సాయంత్రం ఎవరి కోళ్లని వాళ్లు గంపల కింద మూసేస్తారు. పొద్దున్నే ఒకరు ఐస్ ముక్కలు వేసిన టీ ఫ్లాస్క్‌లో సీసా తెస్తారు. ఎండెక్కకముందే ఎనిమిదిళ్లూ తిరిగి వేసేస్తాం. ఖర్చు కోడి లెక్కన పంచుకుంటాం. ఆ నోటు పుస్తకాల ఆమె వంతు మొదటి ఏడాది మిగతా ఏడిళ్లూ పెట్టుకున్నాయి. జాలిపడి కాదు. మా కోళ్లు ఆమె పెరట్లో గింజలేరతాయి, ఆమె కోళ్లు మా పెంటకుప్ప మీద గీరతాయి. కోడికి ప్రహరీ గోడ లెక్కలేదు. వీధి మొత్తం ఒకటే షెడ్డు. ఒక్క ఇల్లు టీకా వేయకపోయినా మిగతావాళ్లకి భయమే.

ఇంకొక్క మాట, ఇది కష్టంగానే ఉంటుంది కానీ చెప్పాలి. మందలో ఒక కోడి తూగడం మొదలవ్వగానే చాలామంది చేసే పని, బాగున్నవాటిని బుట్టలో వేసుకుని సంతకి పరిగెత్తడం. నాలుగు రూకలైనా వస్తాయని. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ పైకి బాగున్న ఆ కోడిలో అప్పటికే రోగం ఉండొచ్చు. సంతలో కొన్నవాళ్లు దాన్ని పదూళ్లకి మోసుకెళ్తారు. ఆ పదూళ్లలోనూ పోపు డబ్బాలుంటాయి. అలాంటప్పుడు జబ్బు కోళ్లని విడిగా పెట్టండి, గ్రూప్‌లో చెప్పండి, పశువుల డాక్టర్‌కి ఫోన్ చేయండి. చచ్చినవాటిని కాలువలో పారేయకుండా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. అలాగే సంత నుంచి కొత్త కోడి తెస్తే కనీసం మూడు వారాలు మందకి దూరంగా కట్టేయండి. బండి మీద రంగులేసిన పిల్లల్ని "నాటు పిల్లలు" అని అమ్ముతుంటారు, చూసే ఉంటారు. అవి ఎక్కువగా లేయర్ హేచరీలు వద్దనుకున్న మగపిల్లలు. వాటికి టీకా వేశారో లేదో చెప్పేవాడుండడు.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా లెక్క ఇది. ముందు మీ ఊళ్లోనే, ఒకసారైనా పిల్లలు తీసిన నాటు పెట్టలు రెండు, ఒక నాటు పుంజు తీసుకోండి. ఒక చుట్టు పొదుగు చూడండి. రెండో చుట్టుకి ఆ తల్లుల కింద గ్రామప్రియ పిల్లలు పెట్టండి. గ్రామప్రియ పెట్టలు వయసై గుడ్లు తగ్గాక అమ్మేసి కొత్తవి తెచ్చుకోండి. నాటు తల్లిని మాత్రం ఎంత ధర వచ్చినా అమ్మకండి. గూడు కట్టకముందే ఇంకో పని చేయండి. పక్కింటి తలుపు తట్టి, "మీ కోళ్లకి టీకా ఎప్పుడేశారు పిన్నీ?" అని అడగండి. మీ మంద అక్కణ్నుంచి మొదలవుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో వెదురు, పాత ఇనప మెష్‌తో తక్కువ ఖర్చులో ముంగిస దూరని గూడు ఎలా కట్టాలో చూద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.