మిగిలినదా, మిగిల్చినదా?



క్రిస్మస్ ప్రేమవిందు కానివ్వండి, సండేస్కూలు పిల్లల పిక్నిక్ కానివ్వండి, మన పెద్దారవీడు, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు సంఘాలలో వంట ఎప్పుడూ కొంచెం ఎక్కువే చేస్తాము. చాలలేదంటే అవమానమని మన తల్లుల భయము. కంభం చెరువు కట్టకు వెళ్ళి, చెట్ల నీడన అందరూ తిని లేచాక చూస్తే పులిహోర గుండిగలో మూడో వంతు అలాగే ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "పాపం, ఫలానా అవ్వ రాలేకపోయింది. ఆమెకు కొంచెం కట్టండి."

మంచి మాటే. అయితే ఈ మంచి మాట వెనుక మనము ఆలోచింపవలసినది ఒకటి ఉన్నది.

ఒక పిక్నిక్ తరువాత మా సంఘములోని ఒక యౌవనస్థుడు అలాగే స్టీలు డబ్బా తీసుకొని ఒక వృద్ధురాలి ఇంటికి వెళ్ళాడు. ఆమె అతని నాయనమ్మతో కలిసి ముప్పై ఏళ్ళు కలుపులకు, మిరపకోతలకు వెళ్ళిన స్నేహితురాలు. డబ్బా అందుకోకముందే ఆమె అడిగింది: "అబ్బాయీ, ఇది అందరూ తినకముందు తీసిందా, తిన్నాక తీసిందా?" అతనికి ఆ ప్రశ్న అర్థము కాలేదు. పరామర్శకు వెళ్ళినప్పుడు ఆమే మాకు వివరించింది. చిన్నతనములో ఆమె తల్లితో కలిసి పెద్ద రైతు ఇంటి పెరటిలో గిన్నె పట్టుకొని నిలబడేదట. లోపల అందరి భోజనాలు అయ్యాక, మిగిలిన కూడు పైనుండి ఆ గిన్నెలో పడేది. "ఆకలికి తిన్నాము అయ్యగారూ, కాని ఆ కూడు ఎవరూ నాకు పెట్టలేదు. పారేసే చోట మేము నిలబడ్డాము, అంతే" అన్నది.

ఈ మాట మన పెద్దలలో చాలామంది నోట రాదు గాని, చాలామంది మనసులో ఉన్నది. మన తెలుగులో ఎంగిలి, మిగులు అని రెండు మాటలున్నాయి. పళ్ళెములో చెయ్యి పెట్టి వదిలినది ఎంగిలి. గిన్నెలో ముట్టకుండా ఉన్నది మిగులు. మనకు ఈ తేడా స్పష్టమే. కాని పుచ్చుకొనే చేతికి పాత గాయమున్నప్పుడు, మిగులు కూడా ఎంగిలిలాగే కనబడుతుంది.

మన సంఘాల చరిత్ర గుర్తున్నవారికి ఇది క్రొత్త సంగతి కాదు. కంభం చెరువును నింపే గుండ్లకమ్మే దిగువకు పోయి వెల్లంపల్లి దగ్గర పారుతుంది. 1878 జూలై 3న అక్కడ ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. అంతకుముందు 1876 నుండి 1878 వరకు ఘోరమైన కరవు. ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్నవారికి పని చూపించారు. కూటి కొరకు చేరారను నింద రాకూడదని ఆ సహాయ కాలములో బాప్తిస్మములు ఆపివేశారు. ఆయన విశ్వాసులకు చెప్పిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు. మూడవది చూడండి. ఊరు వదిలేసినదానిని తిని బ్రతికే అలవాటు మానుకొనుట మన తాతముత్తాతల మారుమనస్సులో ఒక భాగము. అందుకే మనవారికి తిండి కేవలము తిండి కాదు.

లేఖనములలో కూడ రెండు రకముల మిగులు కనబడుతుంది. లూకా 16వ అధ్యాయములో లాజరు ధనవంతుని బల్ల మీదనుండి పడిన రొట్టెముక్కల కొరకు ఆశపడ్డాడు. ఆ ధనవంతుడు ముక్కలను ఆపలేదు, పంపనూ లేదు. రూతు గ్రంథము 2వ అధ్యాయములో వేరే సంగతి. బోయజు పొలములో రూతు పేలాలు తిని తృప్తి పొంది, కొన్ని మిగిల్చి, దినమంతా పరిగె ఏరుకొన్న అలసటతోనే వాటిని మోసుకొని వెళ్ళి నయోమికి ఇచ్చింది. మొదటిది మిగిలినది, రెండవది మిగిల్చినది. ఒక్క అక్షరము తేడాయే గాని ఆ అక్షరములో నయోమి ముఖము ఉన్నది.

కాబట్టి సంఘపు స్త్రీలకు మా మనవి. వడ్డన మొదలు కాకముందే, ప్రార్థన అయిన వెంటనే, రాలేనివారి డబ్బాలు నింపి మూత పెట్టండి. పాస్టరు విస్తరి కంటె ముందుగా అని కూడా అంటాము. (కొందరు నవ్వుతారు, ఫరవాలేదు.) ఇందులో ఆరోగ్యము కూడా ఉన్నది. ఎండలో మధ్యాహ్నమంతా ఉన్న మాంసము కూర, పెరుగన్నము సాయంత్రము ముసలివారికి పంపుట ప్రేమ కాదు, విరేచనములు. వండినది మన వేడికి గంటకంటె ఎక్కువ బయట ఉంచరాదు. చింతపండు పులిహోర, జొన్నరొట్టె ప్రయాణానికి కొంత ఓర్చుకుంటాయి. షుగరు, బీపీ ఉన్నవారికి తీపి, ఆవకాయ కట్టేముందు ఒక మాట అడగండి.

ఏమి పంపాలన్నది కూడా ఆలోచించండి. 1983లో రెండు రూపాయల బియ్యము వచ్చిన తరువాత మన ఇళ్ళలో కొర్రన్నము, సజ్జరొట్టె, జొన్న సంకటి తగ్గిపోయాయి. పాత స్నేహితులకు బిర్యానీకంటె వేడి సంకటి, గోంగూర పచ్చడి ఎక్కువ సంతోషమివ్వవచ్చు. అది వారు కలిసి తిన్న తిండి. గుంటూరు మిరప చేలకు, బెంగుళూరు కట్టడములకు వలసపోయిన బిడ్డలు ఇంట లేని కాలములో వారికి కావలసినది కడుపు నింపుట ఒక్కటే కాదు, ప్రక్కన కూర్చొని తినే మనిషి. మన మండలములోనే సుంకేసుల, కలనూతల, గుండంచర్ల వెలిగొండ జలాశయపు ముంపు ఊళ్ళు. చెదరిన ఊరివారికి ఎదురింటి స్నేహితుడే దూరమవుతాడు. అటువంటివారి దగ్గరకు డబ్బాతో ఎవరినో పంపకండి, ఆ స్నేహితులనే బండి మీద కూర్చోబెట్టి తీసుకొని వెళ్ళండి.

ఆ వృద్ధురాలికి తరువాతి ప్రేమవిందులో ముందే తీసిన డబ్బాను, ఆ యౌవనస్థుని నాయనమ్మే స్వయముగా తీసుకొని వెళ్ళింది. ఇద్దరూ ఒకే పళ్ళెములో తిన్నారట. మూడవనాడు డబ్బా తిరిగి వచ్చింది. ఖాళీ గిన్నె పంపకూడదు కదా, అందులో చింతచిగురు ఉన్నది.