పఠాభి చలనచిత్ర ప్రస్థానము

చెన్నపురి తెలుగువారికి ఒకప్పుడు రెండు రాజధానులుండెడివి. విద్వాంసులు, పత్రికా సంపాదకులు, దేశసేవకులు మైలాపూరున చేరిరి. అచ్చట కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనమున 1937లో కోస్తా, రాయలసీమ పెద్దలు ఒడంబడిక వ్రాసికొనిరి. ఆ చేరువనే దుర్గాబాయమ్మగారి ఆంధ్ర మహిళాసభ వెలసెను. సినిమావారు కోడంబాకము, వడపళని దిక్కున స్టూడియోల ప్రహరీలలో వేరొక రాజ్యము నేలుకొనిరి. నడుమనున్న దూరము కొద్ది మైళ్లే యైనను, సాహిత్యము అటునుండి ఇటు చేరవలెనన్న త్రోవలో పంపిణీదారుని గడప దాటక తప్పెడిది కాదు. ఆ గడప తొక్కకుండ పోవచ్చునని చూపినవాడు నెల్లూరి కవి, తిక్కవరపు పట్టాభిరామరెడ్డి.

1919లో జన్మించి, శాంతినికేతనమునను, న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయమునను చదివి, ఇరువదేండ్ల ప్రాయమున ‘ఫిడేలు రాగాల డజన్’ వెలువరించి, పఠాభి యన్న పేరుతో ఛాందసులకు కోపమును, కుఱ్ఱకారుకు హుషారును కలిగించిన ఈయన, సినిమాలోనికి వచ్చినది తిరుగుబాటుదారుగా కాదు. కె.వి.రెడ్డి దర్శకత్వమున వచ్చిన ‘పెళ్లినాటి ప్రమాణాలు’, ‘భాగ్యచక్రము’ చిత్రముల నిర్మాణమున ఆయనకు పాలుండెను. కనుక ఆ వ్యాపారపు కిటుకు ఆయనకు లోపలినుండియే తెలియును. ఆంధ్ర, సీడెడ్, నైజాం అని సీమలను పంచుకొన్న పంపిణీదారులు చిత్రము మొదలు కాకమునుపే బయానా ఇత్తురు. బయానా తారను చూచి వచ్చును. అట్లు వచ్చిన ధనము తారకు తగిన సెట్టులను, పాటలను, తుదకు కథకు ముగింపును సైతము తానే నిర్ణయించును. పెట్టుబడి పెరిగినకొలది దర్శకుని స్వేచ్ఛ తరుగును. స్వల్పవ్యయ చిత్రమనగా పేదచిత్రమని మనవారు చప్పరింతురు గాని, అప్పిచ్చినవాడు లేనిచోట ఆజ్ఞాపించువాడును లేడన్న సంగతి గుర్తింపరు.

‘భాగ్యచక్రము’ 1968 నాటిది. రెండేండ్లలో ఆ మనుష్యుడే, తాను అభిమానించిన సోషలిస్టు నేత లోహియా పేరు తలచుచు ‘రామమనోహర చిత్ర’ యను సంస్థను నెలకొల్పి, యు.ఆర్.అనంతమూర్తి కన్నడ నవల ‘సంస్కార’ను తెరకెక్కించెను. అగ్రహారములో ఆచారభ్రష్టుడైన నారణప్ప మరణించును. శవమునకు దహనక్రియ చేయదగినవాడెవడు? ప్రశ్న ఇంతే. ప్రాణేశాచార్యుడు శాస్త్రములన్నియు తిరుగవేసినను సమాధానము దొరకదు. శవము కుళ్లుచుండును, ఊరిలో ఎలుకలు రాలుచుండును, ఆచార్యుని నిష్ఠ నారణప్ప ప్రియురాలు చంద్రి సన్నిధిని కరగిపోవును. మైలాపూరు కపాలీశ్వరుని మాడవీథులలో తిరుగాడినవారికి ఈ శుద్ధాశుద్ధ వివాదము పరాయిది కాజాలదు.

ఈ చిత్రమునకు మనుష్యులు కూడిన తీరు చూడుడు. చెన్నపురిలో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణాలయమున ఉద్యోగము చేయుచు, మద్రాస్ ప్లేయర్స్ నాటకసమాజమున పాల్గొనుచుండిన గిరీశ్ కర్నాడ్ చిత్రానువాదము వ్రాసి తానే ప్రాణేశాచార్యుడయ్యెను. ఆ సమాజముననే నటించుచుండిన పఠాభి సతీమణి స్నేహలత చంద్రి యయ్యెను. రచయిత లంకేశ్ నారణప్ప పాత్ర ధరించెను. చోళమండల చిత్రకారుడు వాసుదేవ్ కళాదర్శకుడు, సరోద్ విద్వాంసుడు రాజీవ్ తారానాథ్ సంగీతకర్త. ఛాయాగ్రాహకుడు టామ్ కోవన్ ఆస్ట్రేలియావాడు. శృంగేరి సమీపమున వైకుంఠపురమను నిజమైన పల్లెలో, నిజమైన ఇండ్లనడుమ, నలుపు తెలుపులలో చిత్రీకరణ సాగెను. ఫ్లోరు అద్దె లేదు, తారల కాల్షీట్ల గొడవ లేదు. ముడిఫిలిము ఖరీదైన ఆ దినములలో ఒక షాటును పదేపదే తీయుట కంటె, నాటకానుభవము గలవారిచేత ముందే వల్లె వేయించుట ఎంత చౌకయో వేరుగ చెప్పనక్కరలేదు.

చిత్రము తీయుటకు ధనము చాలవచ్చును. చూపుటకు అనుమతి కావలెను. సెన్సారువారు తొలుత ‘సంస్కార’ను నిషేధించిరి, కేంద్రప్రభుత్వము జోక్యము చేసికొని నిషేధమును తొలగించెను. ఆ చిత్రమే 1970 సంవత్సరపు జాతీయ ఉత్తమ చిత్రముగ పురస్కారము నందెను. కన్నడమునకు ఆ గౌరవము దక్కుట అదే ప్రథమము.

బహుమానము వచ్చినంతమాత్రమున జీవితము సుగమము కాలేదు. అత్యవసర పరిస్థితిలో, 1976 మే నెలలో స్నేహలత నిర్బంధింపబడి బెంగుళూరు చెరసాలలో ఉబ్బసముతో కృశించి, 1977 జనవరిలో పెరోలుపై వెలువడిన కొద్దిదినములకే కన్నుమూసెను. ఆమె నటించిన ‘చండమారుత’ ఆ ఏటిదే. పిదప 1984లో ‘శృంగారమాస’, 1993లో ‘దేవరకాడు’ వచ్చెను; తుదిదానికి పర్యావరణ విషయక జాతీయ పురస్కారము లభించెను. ఇరువదిమూడేండ్లలో నాలుగు చిత్రములు! కోడంబాకపు లెక్కలో ఇది వృత్తియే కాదు. స్వతంత్ర దర్శకుని జీవితమున చిత్రములకంటె వాని నడుమ నిరీక్షణయే దీర్ఘమని ఆ లెక్కకు తెలియదు.

కన్నడమున ఆ త్రోవ వెంటనే రహదారి యయ్యెను: 1971లో ‘వంశవృక్ష’, ఆపైన ‘కాడు’, ‘చోమనదుడి’, ‘ఘటశ్రాద్ధ’. తెలుగున బి.నరసింగరావు నిర్మాతలలో ఒకరైన ‘మాభూమి’ 1979 దాక రాలేదు; దానికిని దర్శకుడు వంగీయుడు గౌతమ్ ఘోష్. మనకు కథలు కరవై కాదు, కవులు కరవై కాదు. బయానా లేని చిత్రమును మన విపణి చిత్రముగ నెంచకపోవుటయే కారణమని నా అభిప్రాయము. 2006లో బెంగుళూరున పరమపదించిన పఠాభి దర్శకత్వము వహించిన నాలుగును కన్నడ చిత్రములే. ఆయన పద్యములను ముచ్చటించు మన సాహిత్యసభలు, ఒక సాయంకాలము ‘సంస్కార’ను తెలుగు ఉపశీర్షికలతో ప్రదర్శింప పూనుకొనవలెను.