సర్కారు కోసం చూడలేదు.. గల్లీ గల్లీకీ సొంత డ్రైనేజీ! కరాచీ బస్తీలో ఇదెలా సాధ్యమైంది?

ఇంటి ముందు మురుగు పారుతుంటే ఏం చేస్తాం? మున్సిపాలిటీకి ఫిర్యాదు చేస్తాం. ఎవరూ రాకపోతే మళ్లీ చేస్తాం. పాకిస్థాన్‌లోని కరాచీలో ఒరంగీ అనే పెద్ద బస్తీ ఉంది. అక్కడి జనం మాత్రం సొంత డబ్బులతో తామే పైపులు వేసుకున్నారు. ఒకటీ రెండూ కాదు.. కాలక్రమంలో 90 వేలకు పైగా ఇళ్లకు!

నాలుగు అడ్డంకులు

ఒరంగీలో ఇళ్లున్నాయి.. డ్రైనేజీ లేదు. గల్లీల్లో నిలిచిన మురుగుతో రోగాలు, ఇళ్ల పునాదులకు చెమ్మ. 1980లో మాజీ ఐసీఎస్ అధికారి అక్తర్ హమీద్ ఖాన్ అక్కడ ఒరంగీ పైలట్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. జనంతో మాట్లాడితే నాలుగు అడ్డంకులు తేలాయి. డ్రైనేజీ అంటే సర్కారే ఉచితంగా వేయాలన్న నమ్మకం, భారీ ఖర్చు, పని తెలియకపోవడం, అందరూ కలిసి రాకపోవడం.

మరి ఏం చేశారు?

పనిని గల్లీ లెక్కన విడగొట్టారు. ఒక్కో గల్లీలో 20 నుంచి 30 ఇళ్లు. ఇన్ని ఇళ్లే కాబట్టి అందరికీ అందరూ తెలుసు. వాళ్లే ఒక గల్లీ పెద్దను ఎన్నుకుని, ఇంటింటికీ వాటా వేసి డబ్బులు పోగుచేసేవారు. ప్రాజెక్ట్ వాళ్లు డబ్బులివ్వలేదు. గల్లీ వాటం కొలిచి, ప్లాన్ గీసి, అంచనా వేసి, పనిముట్లు ఇచ్చారు.

కాంట్రాక్టర్ లేడు, కమీషన్లు లేవు. డిజైన్ కూడా సింపుల్. దీంతో సర్కారు అంచనాలో చిన్న భాగంతోనే పని పూర్తయింది.

అంతా సాఫీగా సాగలేదు. మొదట్లో కాంక్రీట్‌కు సరిగా నీళ్లు పట్టక కొన్ని పనులు నాసిరకంగా వచ్చాయి. దీంతో జనానికి, మేస్త్రీలకు పని నేర్పించడం మొదలైంది.

సర్కారు అక్కర్లేదా?

కచ్చితంగా కావాలి! ఇక్కడే అసలు పాయింట్ ఉంది. ఇంట్లో మరుగుదొడ్డి, గల్లీ పైపు, దాన్ని బయటికి చేర్చే చిన్న లైన్ జనం బాధ్యత. పెద్ద ట్రంక్ లైన్లు, మురుగు శుద్ధి కేంద్రాలు సర్కారు బాధ్యత. ఎందుకంటే నగరం మొత్తానికి పనికొచ్చే లైన్‌ను 20 ఇళ్లు చందాలేసుకుని వేయలేవు. శుద్ధి కాకపోతే గల్లీ దాటిన మురుగు నాలాలో కలిసి, చివరికి సముద్రంలోకే పోతుంది.

అందుకే ఈ సంస్థ బస్తీలు, నాలాల మ్యాపులు తయారు చేసింది. ఏ లైన్ ఎక్కడుందో కాగితం మీద ఉంటేనే అధికారులను గట్టిగా అడగొచ్చు. ఆ పనిని ముందుండి నడిపించిన ఆర్కిటెక్ట్ పర్వీన్ రెహ్మాన్‌ను 2013 మార్చి 13న కరాచీలో దుండగులు కాల్చి చంపారు. బస్తీ భూముల లెక్కలు బయటపెట్టడం అక్కడ ప్రాణాల మీదకు తెచ్చే పని.

ఒరంగీ చెప్పేది ఒక్కటే.. గల్లీ పని గల్లీ చేసుకుంటే, మిగిలిన పని ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు సర్కారు తప్పించుకోవడం కష్టం.